గట్టు మీద ఎవరు దిగాలి

పెద్దిరాజని ఒకడుండేవోడంట మొగలిదిబ్బలో. మనిషి మంచోడే. మాట మంచిది, చెయ్యి మంచిది. దేవుడు కాళ్ళ దగ్గరికొచ్చేసరికి మట్టి అయిపోయిందనుకో, అక్కడితో ఆపేసేడు. పొట్టి. అదేం తప్పు కాదండీ, మా పెదనాన్నా పొట్టే, ఆయన్ని మించిన పెద్దమనిషి మా వీధిలో లేడు. కానీ ఏమైందంటే, ఈ పెద్దిరాజుకి వాళ్ళ తాత సైకిలొచ్చింది. తాతేమో తాడిచెట్టంత మనిషి. ఆ సైకిలు సీటు పెద్దిరాజు గుండెల దాకా ఉండేదంట. మరి ఎలా ఎక్కేవోడు? అరుగు మీంచి ఎక్కేవోడు. ఇంటి దగ్గర అరుగు మీద నిలబడి, కాలు అటేసి, సీటు మీద కూర్చుని, గోడనొక్క తోపు తోసి పోయేవోడు. పెడలు కిందకెళ్తే కాలందదు. అది మళ్ళీ పైకొచ్చిందాకా ఆగి ఒక్క తన్ను తన్నేవోడు. అటు తన్ను, ఇటు తన్ను, నడుం ఊపుకుంటా పోతంటే చూసినోళ్ళకి, అబ్బో, ఏం దర్జారా బాబూ అనిపించేది. లాకులపాలెంలో మిల్లుంది, అక్కడ కాటా దగ్గర పని ఆయనకి. అక్కడా అరుగే, దిగడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మధ్యలోనే. మధ్యలో కాలవ గట్టు.

ఆ గట్టు సంగతి చెప్పాలి మీకు. రెండు కోసుల గట్టు, ఒక పక్క కాలవ, ఒక పక్క వరిచేలు. వెడల్పు ఎంతంటే ఒక సైకిలు పోయేంత, ఆ పైన ఓ కోడిపెట్ట పట్టేంత. రెండు సైకిళ్ళు ఎదురయ్యాయనుకో, ఒకళ్ళు దిగాల్సిందే. దిగి, చేను పక్కన బురదలోకి ఓ కాలేసి, సైకిలు ఒంచి పట్టుకుని, రెండో ఆయన్ని పోనివ్వాలి. మరి ఎవరు దిగాలి? దానికో పద్ధతుంది. ఎవరు రాసేరో తెలీదు గానీ అందరికీ నోటికొచ్చు. పెద్దోడికి చిన్నోడు దిగాలి. ఊరి అల్లుడికి ఊళ్ళోవాడు దిగాలి. ఎవడన్నా బరువు మోసుకొస్తన్నాడనుకో, అప్పుడు పెద్దా లేదు చిన్నా లేదు, అల్లుడూ లేడు, ఖాళీవోడు దిగాలి. ఇద్దరికీ బరువుంటే? అప్పుడు ఆగి అడగాలి, "ఏం మోత?" అని. ఏం మోస్తన్నావు, ఎంత మోస్తన్నావు అని. చెప్పినాక తేలికైనోడు దిగాలి. తూకం లేదు, కాటా లేదు, నోటిమాటే. గట్టు మీద అబద్ధమాడితే కాలవ తల్లి ఊరుకోదని చెప్పుకునేవోరు. ఇంకా, పెద్దోళ్ళు ఎదురొస్తే బెల్లు కొట్టకూడదు, దగ్గాలి. బెల్లు కొడితే పశువుని అదిలించినట్టన్నమాట. ఇవన్నీ ఉండేవండి.

ఇప్పుడు పెద్దిరాజుకి ఏంటి ఇబ్బంది? ఖాళీగా పోతాడు కదా, పెద్దోళ్ళెదురైనా బరువెదురైనా దిగాలి. దిగడం అయితే దిగుతాడు, దూకినట్టు దిగుతాడు. మళ్ళీ ఎక్కడం ఎలా? గట్టు మీద అరుగెక్కడిది? సైకిలు నడిపించుకుంటా నడిపించుకుంటా పోవాలి, లాకు దగ్గర ఓ మైలురాయుంది, అక్కడి దాకా. ఆ నడిచినంతసేపూ సైకిలు పైన, మనిషి కింద. గడ్డి కోసుకునే ఆడోళ్ళు చూసి, "ఒసే, సైకిలొక్కతీ పోతందే, తొక్కేవోడేడే?" అన్నారంట ఓ రోజు. అంతే, అది గుండెల్లో దిగిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదంట. పొట్టోణ్ణని ఎవడికన్నా చెప్తే సీటు దించి బిగించుకోరా అని రెండు నిమిషాల్లో తేలిపోయే పని. చెప్పడు. ఎలా చెప్తాడండీ, సైకిలు మీద ఉన్నంతసేపూ పొడుగోడే కదా.

ఆలోచించేడు. మర్నాడు మిల్లులో ఓ గోనెసంచీ నిండా ఊక దట్టించేడు. వడ్ల మీద పొట్టుంటదే, ఆ ఊక. మూతి కుట్టేసి, వెనకాల క్యారేజీ మీద తాడేసి కట్టేడు. చూస్తే నిండు బస్తా. గట్టెక్కేడు. ఎదురుగా రామన్న తాత, డెబ్భై ఏళ్ళాయన, ఖాళీ సైకిలు. బస్తా చూసి, పాపం, గబుక్కున దిగిపోయి బురదలో కాలేసి, "పో నాయనా పో, బరువుతో ఉన్నావు" అన్నాడంట. పెద్దిరాజుకి ముందు కొంచెం సిగ్గేసింది. రెండోవాడు దిగినప్పుడు తక్కువేసింది. పదోవాడు దిగేసరికి అసలు వెయ్యలేదు. సిగ్గు అలాంటిదేనండి, రోజూ తొక్కితే అరిగిపోద్ది.

ఇంక చూస్కో. పొద్దున్న తీసుకెళ్ళిన బస్తాయే సాయంత్రం తెచ్చేవోడు. ఊళ్ళో ఏమనుకున్నారు? "ఏం కష్టంరా ఆ పెద్దిరాజుది, పోను మోతే, రాను మోతే!" అరుగు మీదో సైకిలు మీదో తప్ప నేల మీద కనపడితే కదా, పొడుగైనోడని పేరు, కష్టపడేవోడని పేరు. మాటసాయానికి పిలుస్తున్నారు, తగువొస్తే పిలుస్తున్నారు. అరుగు దగ్గర ఓ కాలానించి సైకిలు మీంచే తీర్పు చెప్పి, "నాకు మోతుందండీ, ఆగలేను" అని పోయేవోడంట. దిగకుండా తీర్పు చెప్పేవోడికి విలువ ఎక్కువండోయ్.

లాకులపాలెంలో వీరాసామని మినుముల బేరం చేసే ఆయనుండేవోడు. ఆయనకో కూతురు, నూకరత్నం. తండ్రికి నడుం పడిపోతే ఆ పిల్లే సైకిలెక్కేది. చీర గోచీ పోసి బిగించి, అర బస్తా మినుములు కట్టుకుని ఊళ్ళెంట తిరిగేది. ఆడపిల్ల సైకిలెక్కిందని నలుగురూ నాలుగన్నారు. మినుములు మంచివి కాబట్టి నలుగురూ కొన్నారు కూడా. ఈ వీరాసామి మిల్లు దగ్గర పెద్దిరాజుని చూసేడు. సైకిలు మీద చూసేడు. ఇంటికొచ్చి, "అమ్మాయ్, నీకు సంబంధం చూసేనే. మనిషి నిలువెత్తు, ఒక్క పూట ఖాళీగా తిరగడు" అన్నాడంట. పెళ్ళిచూపులకి రమ్మన్నారు. వచ్చేడు. ఎలా వచ్చేడనుకుంటున్నారు? సైకిలు మీద, బస్తాతో. వీళ్ళ అరుగు మీద కాలానించి అలాగే కూర్చున్నాడు. వీరాసామి, "దిగండి బాబూ, కాళ్ళు కడుక్కోండి" అంటే, "వద్దండి మావయ్యగారూ, దిగితే మోత ఒరిగిపోద్ది, ఇలా ఇచ్చేయండి" అన్నాడంట. కాఫీ సైకిలు మీదే తాగేడు. పిల్లని సైకిలు మీంచే చూసేడు. వీరాసామి పెళ్ళాంతో, "చూసేవా, పెళ్ళిచూపుల్లో కూడా పని మానలేదు!" అని మురిసిపోయేడంట. కోతలయ్యాక పెళ్ళి అనుకున్నారు. పెద్దిరాజు ఏమనుకున్నాడంటే, తాళి కట్టేసినాక పొడుగైతే ఏంటి పొట్టైతే ఏంటి, అప్పుడు చెప్పచ్చులే అనుకున్నాడు. పీటల మీద ఎలాగూ కూర్చునే ఉంటాం కదా అని ధైర్యం.

మరి నూకరత్నం సంగతేంటి? ఆ పిల్లకి ఈయన కొత్తేం కాదు. ఎందుకంటే ఆ పిల్ల రోజూ గట్టు మీద ఈయనకి ఎదురే. పొద్దున్నే ఈయన అటెళ్తుంటే ఆ పిల్ల ఇటొస్తాది. ఇద్దరికీ బరువే. ఆగి, "ఏం మోత?" అని అడగాలి కదా. ఆ పిల్ల అడిగేది. ఈయన ఆగితే పడిపోతాడు కాబట్టి దూరం నుంచే కేకేసేవోడు, "వడ్లు! బస్తాన్నర!" అని. "మినుములు, అర బస్తా," అని ఆ పిల్ల దిగేది, బురదలోకి. మోకాలి దాకా. నిజం బస్తా ఒంచి పట్టుకుని, ఊక బస్తాని పోనిచ్చేది. ఓసారి అలాగే దిగబోయి కాలు జారి, మినుములు సగం చేలో పోసుకుంది. కూర్చుని గింజ గింజ ఏరుకుంది మధ్యాహ్నం దాకా. పెద్దిరాజు వెనక్కి తిరిగి చూసేడు. దిగి సాయం చేద్దామని ఉంది ఆయనకి, లేదని కాదు. దిగితే మళ్ళీ ఎక్కాలి కదా. పోయేడు.

ఆ ఏరుకుంటన్నప్పుడు చూసిందండి ఆ పిల్ల. ముందురోజు వానపడి గట్టు మెత్తగా ఉంది. తన సైకిలు టైరు గాడి చూస్తే వేలు లోతు దిగింది. పెద్దిరాజు టైరు గాడి చూస్తే పైపైన, పాము పాకినట్టుంది. అర బస్తా వేలు లోతు దిగితే బస్తాన్నర ఎంత దిగాలి? బరువు మోసేవోళ్ళకి బరువు సంగతి తెలుస్తాది. ఇంటికెళ్ళి, "నాన్నా, ఆయన బస్తాలో ఏం లేదు" అంది. తండ్రి, "నీకేం తెలుసే, ఈ కళ్ళతో చూసేను" అన్నాడు. "నువ్వు మనిషిని చూసేవు నాన్నా, నేను గాడి చూసేను" అంది. ఆయన వినలేదు. మాటిచ్చేసేడు మరి.

ఇదిలా ఉండగా, ఇంకో తమాషా. రోజూ దిగి దిగి విసుగొచ్చినోళ్ళు ఉంటారు కదా. కొబ్బరితోట ఎంకన్న ఏం చేసేడంటే, ఓ సంచీలో ఎండుగడ్డి కుక్కి కట్టుకున్నాడు. ఎవడికీ చెప్పలేదు. పాలకేంద్రం సూరిగాడి సంచీలో బూరుగుదూది. ఎవడికీ చెప్పలేదు. రామన్న తాత, పాపం, డెబ్భై ఏళ్ళు పద్ధతిగా బతికినాయన, ఆయనా ఓ సంచీలో కొబ్బరిపీచు పెట్టుకున్నాడు. ప్రతివోడికీ తానొక్కడే దొంగ, మిగతావోళ్ళంతా పాపం కష్టపడి మోస్తున్నారనే! అంచేత ఒకడి మొహం ఒకడు సరిగ్గా చూసేవోడు కాదు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ గట్టు మీద ఖాళీ సైకిలన్నదే లేదు. మొగలిదిబ్బంత కష్టజీవుల ఊరు చుట్టుపక్కల లేదని పేరొచ్చేసింది.

అందరికీ మోతుంటే ఇంక దిగేవోడెవడు? ఓ రోజు పెద్దిరాజుకి ఎంకన్న ఎదురొచ్చేడు. "ఏం మోత?" "వడ్లు, బస్తాన్నర. నీదేం మోత?" "బియ్యం, రెండు బస్తాలు." ఒక్క సంచీలో రెండు బస్తాలు ఎలా పట్టేయిరా అని పెద్దిరాజు అడగచ్చు కదా? అడగడు. అడిగితే తనదీ అడుగుతారని. "మర్చిపోయేను, నావి రెండున్నర," అన్నాడంట. "నాది అడుగున ఇనుముంది," అన్నాడంట ఎంకన్న. ఇద్దరూ ఆగిపోయేరు. ఎంకన్న కాళ్ళు నేలకానేయి, పెద్దిరాజుకి ఆనవు. పక్కనే తాడిచెట్టుంటే దాన్ని కావలించుకున్నాడు. ఎంకన్న, "అదేంటి, చెట్టుని పట్టుకున్నావు?" అంటే, "బరువుకి ఒరిగిపోతందిరా," అన్నాడు. అలా ఒకడు చెట్టుని పట్టుకుని, ఒకడు హ్యాండిల్ పట్టుకుని, పొద్దున్నించి మజ్జాన్నం దాకా. వెనకాల సైకిళ్ళు బారు తీరిపోయేయి. లస్కరు ఏసోబని, కాలవ నీళ్ళు చూసుకునే ఆయన, వచ్చి, "ఏం గొడవరా, మిల్లు కాటా తెప్పించనా, తూస్తే పోలా?" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి లేచేరు: "అంటే నా నోటిమాట మీద నమ్మకం లేదా?" అని. అక్కడున్న బారంతా, "తప్పు ఏసోబూ, పెద్దోళ్ళని తూస్తావా?" అంది. ఎందుకనదు? కాటా వస్తే ఒకరితో ఆగదు కదా! చివరికి గట్టు దిగి చేలోంచి తోవ చేసుకుని పోయేరు జనం. పండిన వరి తొక్కేసి మరీ పోయేరు, సైకిలు మాత్రం దిగలేదు. అలా ఓ పది రోజులు తొక్కేసరికి గట్టు అంచు ఓ చోట అరిగింది. అక్కడుందండి అసలు సంగతి.

కోతలింకో వారం ఉందనగా వానొచ్చింది. మూడ్రోజులు పడింది. నాలుగో రోజు తెల్లారేక కాలవ నిండుగా పొంగి, ఆ అరిగిన చోట గండి పడింది. ముందు చెయ్యంత, కాసేపటికి బారెడు. కింద చేలన్నీ కోతకొచ్చినవి, ఊరు ఊరంతా ఏడాది తిండి. వీరాసామి ఎకరం కూడా అందులోనే. ఏసోబు గుండెలు బాదుకుంటా పరిగెత్తుకొచ్చి, "బస్తాలు! బస్తాలు తెండిరా, గండిలో పడెయ్యాలి! మట్టెత్తే టైము లేదు!" అని కేక. చూస్తే ఏంటి, గట్టు మీద అప్పటికే బారు తీరి ఉన్నాయి సైకిళ్ళు, ఒక్కోదానికీ ఓ బస్తా. ఏసోబు ఏడవబోయినోడు నవ్వేసేడంట. "దేవుడు పంపినట్టొచ్చేర్రా! మీ బస్తాలు పడేయండి, ఊరు తర్వాత ఇచ్చుకుంటాది!" అన్నాడు.

ఒక్కడు కదల్లేదు. "నావి ఎంకటేస్పరస్వామికి మొక్కిన బియ్యం," అంటాడు ఎంకన్న. "నావి మా అత్తోళ్ళవి, అడక్కుండా ఎలా?" అంటాడు సూరిగాడు. రామన్న తాతైతే ఉన్నట్టుండి చెవుడొచ్చినట్టు కాలవకేసి చూస్తన్నాడు. ఇటు గండి పెద్దదవతంది. అప్పుడు ఎవడో అన్నాడు, "పెద్దిరాజు గారే ముందు! ఆయనదే పెద్ద మోత, రెండున్నర బస్తాలు! పెద్దమనిషి ముందుకొస్తే మిగతావోళ్ళు వస్తారు!" అని. అందరూ, "అవునవును" అన్నారు. పెద్దిరాజు సైకిలు మీంచే పక్కనున్న తాడిచెట్టుని ఇంకా గట్టిగా కావలించుకున్నాడు. ఎదురుగా నూకరత్నం. ఆ రోజు నిండు బస్తా మినుములు ఏసుకుని, తొక్కలేక నడిపించుకొస్తంది. ఇంట్లో మిగిలిన ఆఖరి బస్తా. ఆ పిల్ల ముందు కాదనలేడు, ఔననలేడు. ఈలోగా ఇద్దరు బలమైనోళ్ళు వచ్చి, "మీరు దిగకండి బాబూ, మేం దించుతాం" అని, కాళ్ళెడం పెట్టి, ఊపిరి బిగపట్టి, "హైలెస్సా" అని ఎత్తేరు. ఆ ఎత్తుకి బస్తా నెత్తి దాటి ఎగిరి, ఎత్తినోళ్ళిద్దరూ వెల్లకిలా పడ్డారు. బస్తా పోయి గండిలో పడింది. పడి, మునగలేదు. ఒక్క చుట్టు తిరిగి, బాతులా తేలుకుంటా చేల మీదుగా పోయింది.

ఎవడూ నవ్వలేదు. నవ్వాలి కదా? నవ్వలేదు. ఎందుకంటే ఏసోబు అప్పటికే రెండోది లాగేసేడు, మూడోది లాగేసేడు. గడ్డి, దూది, పీచు. ఒకదానెనకాల ఒకటి, తీర్థానికి పోతన్నట్టు బారుగా తేలిపోయేయండి. ఊరి పరువు అలా వరసగా పోతంటే చూస్తా నిలబడ్డారు. రామన్న తాత మాత్రం, "నాది కొంచెం నిదానంగా తేలింది, చూసేరా?" అన్నాడంట.

నూకరత్నం అందర్నీ ఒకసారి చూసింది. తాడు విప్పింది. తండ్రి వీరాసామి కర్రపట్టుకుని అప్పుడే వచ్చేడు, "వద్దే, అదొక్కటే ఉందే!" అని అరిచేడు. "ఎకరం పోతే ఇదొక్కటి ఏం చేసుకుంటాం నాన్నా," అని తనే దొర్లించింది. ధబేలుమని పడింది. మునిగింది! మునిగింది గానీ, గండి బారెడు, బస్తా మూరెడు. నీళ్ళు తోసేస్తన్నాయి, బస్తా జరిగిపోతంది. "ఎవడన్నా వెనకాల్నించి ఆపండ్రా, మినుములు నానిందాకా! నానితే అదే ఉబ్బి బిగిసిపోద్ది!" అని ఆ పిల్ల అరుస్తంది. పొడుగోళ్ళు దిగేరు, వంగలేక, నీళ్ళ తోపుకి నిలవలేక పడిపోతన్నారు. అప్పుడండీ, పెద్దిరాజు సైకిలు మీంచి దూకేడు. నడిగట్టు మీద, అందరూ చూస్తుండగా, అరుగు లేని చోట. సైకిలు పడిపోయింది. దాని పక్కన నిలబడితే అప్పుడు చూసింది ఊరు, ఈయన ఇంతేనా అని. పోయి గండిలో కూర్చున్నాడు, బస్తాకి వీపానించి, కాళ్ళు ఎదర మట్టికి తన్నిపెట్టి. గండి ఎత్తూ ఆయన ఎత్తూ సరిగ్గా సరిపోయేయి. మెడ దాకా నీళ్ళు. మినుములు నానుతున్నాయి, ఉబ్బుతున్నాయి, సంచీ బిగుస్తంది, ఆయన నలుగుతున్నాడు. "బరువుగా ఉందా?" అని నూకరత్నం గట్టు మీంచి అడిగిందంట. "ఉందే," అన్నాడంట. "ఇప్పుడు తెలిసిందా," అంది. అంతలోకి ఊళ్ళోంచి పారలొచ్చేయి, మట్టేసేరు, చేలు నిలబడ్డాయి.

ఆయన్ని బయటికి లాగేరు. వీరాసామి నోరు తెరుచుకుని చూస్తన్నాడు. "బాబూ, నువ్వు పొడుగు కదా?" అన్నాడంట. "కాదండి మావయ్యగారూ, సైకిలు పొడుగు," అన్నాడు. వీరాసామి కూతురి కేసి తిరిగి, "నీ ఇష్టమే, మాట నేను వెనక్కి తీసుకుంటాను" అన్నాడు. అందరూ చూస్తన్నారు. ఆ పిల్ల ఏమందో తెలుసా? "పొట్టోణ్ణని చెప్తే చేసుకుందును. బస్తాలో ఊకని చెప్తే నవ్వుకుని మరీ చేసుకుందును. నేను మినుములు ఏరుకుంటంటే చూసి పోయేవు చూడు, దానికి నీతో మాట్లాడబుద్ధి కావట్లేదు" అంది. పెద్దిరాజు తలొంచుకుని, "దిగితే మళ్ళీ ఎక్కలేనని..." అన్నాడు. "ఎక్కలేకపోతే నడవరా మనుషులు?" అంది. ఆ కోతలకి పెళ్ళి అవలేదండి. ఆ ఏడాదంతా పెద్దిరాజు సైకిలెక్కలేదు. గట్టు మీద నడిచే పోయేవోడు, ఎదురైన ప్రతి సైకిలుకీ బురదలోకి దిగేవోడు. నూకరత్నం ఎదురైతే దిగి, సైకిలు పట్టుకుని సాయం చేసి, మాట్లాడకుండా పోయేవోడు. ఆ పిల్లా మాట్లాడేది కాదు. ఏడాది తిరిగేక ఓ రోజు సైకిలాపి, "వెనకాలెక్కు, టైమైపోతంది మిల్లుకి" అందంట. అంతే, అదే పెళ్ళిమాట.

పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకే సైకిలు. ఆ పిల్ల తొక్కేది, ఈయన వెనకాల క్యారేజీ మీద కూర్చునేవోడు. గట్టు మీద ఎవరన్నా ఎదురై, పద్ధతి ప్రకారం, "ఏం మోతమ్మా?" అని అడిగితే నూకరత్నం, "ఊక!" అనేదంట. అని, తనే ముందు దిగేది. దిగబోతుంటే వెనకాల్నించి పెద్దిరాజు, "నువ్వుండవే," అని తను దూకి బురదలో నిలబడేవోడు.

అదండీ. ఎందుకు చెప్పేనంటే, ఇవాళ పొద్దున్న మా వీధిలో సైకిళ్ళోళ్ళు పోతన్నారు, నెత్తిన ప్లాస్టిక్ టోపీలు, కళ్ళకి నల్లద్దాలు, ఒకడికొకడు ఎదురైతే పలకరింపు లేదు, దగ్గు లేదు, కనీసం తలూపడం లేదు. నేను పాలప్యాకెట్టు కోసం వెళ్తంటే నా మీదకి బెల్లు కొట్టేడొకడు. పశువుననుకున్నాడేమో. అందరి వీపుకీ ఓ సంచీ ఉంది మళ్ళీ, నున్నగా బిగుతుగా. ఏం మోత నాయనా అని అడుగుదామనుకున్నాను, ఆగితే కదా. సరే, పోయినాక వాడి టైరు గాడి చూద్దామని ఒంగేను. సిమెంటు రోడ్డండి, ఏం కనపడదు. అందుకే ఈ రోజుల్లో ఎవడి బస్తాలో ఏముందో తెలియడం కష్టమైపోయింది. నా సంచీలో ఏముందంటారా? పాలప్యాకెట్టే. నమ్మకపోతే కాలవలో వేసి చూసుకోండి.